పిన్నీసు

కానుకల సంచి తిరిగినాక
జెకర్యా అయ్యగారు సెప్పినారు:
"ఆ మంత్రాల పుస్తకాలు ఎవులింట్లో ఉన్నా
వొచ్చే ఆదివారం పట్టుకొచ్చీండి.
మందిరం ఎనకాల డ్రమ్ము పెడతాము."
సెప్పినపుడు ఆయన ఎవులేపూ సూడలేదు.
మిగతావోళ్ళందరూ నా కేసే సూసినారు.

మా కెజియా తొమ్మిదో తరగతి.
దిండు గలీబులో పలాస లైబ్రరీ సీలున్న పుస్తకం.
ఆరు దివిటీల కతట, ఇది నాలుగోది.
కాశీబుగ్గ గుంటలందరూ దీని మీదే ఉన్నారు,
టీవీలో పెద్దోళ్ళందరూ దీని మీదే కొట్టుకుంటన్నారు.

నాకు సదువు మందిరంలోనే వొచ్చినాది.
కీర్తనలు తప్ప ఇంకోటి సదవలేదు.
జీడిపిక్కలు ఒలిసి ఒలిసి గీతలు పోయిన ఏలు,
రేసను మిసను పోల్చుకోని ఏలు,
అచ్చరం కింద పెట్టుకోని
మూడు రాత్రులు సదివినాను.
సైతాను ఎక్కడున్నాడో ఎతుకుదామనే,
అబద్దమెందుకు.

ఓరిన్ అనే గుంట. తల్లి లేదు.
గాలిని తాడుకి ముడేసి దాసుకుంటాది.
దానికి ఆకలేస్తే ముడి ఇప్పదు,
అవతలోళ్ళకి ఆకలేస్తే ఇప్పుతాది.
అక్కడ నాకు సైతాను కనబడలేదు.

నూట పన్నెండో పేజీలో కనబడినాడు.
నూతిలోకి వొంగి సచ్చిపోయిన తల్లిని పిలుస్తాది.
తల్లి పలుకుతాది.
పుస్తకం మూసీసినాను. ఈపంతా సెమట.
సచ్చినోళ్ళని పిలవకూడదని రాసున్నాది గదా.
నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు బయ్యమే.
ఆ పేజీనీ దాని పక్క పేజీనీ కలిపి
సీర పిన్నీసు గుచ్చీసినాను.

అయితే డ్రమ్ము మాట తలుసుకుంటే
అమ్మమ్మ అసిరమ్మే కళ్ళల్లో మెదులుతాది.
మందస అవతల కొండ కింద ఊరు.
ఓ గుంటడు జొరమొచ్చి పోనాడు.
ముందురోజు ఆళ్ళ గుమ్మంలోకి
చింతపండు అప్పుకెళ్ళినాదట అమ్మమ్మ. అంతే.
సిల్లంగి అన్నారు.
రాటకి కట్టి, రాయెట్టి, ముందుపళ్ళు రాలగొట్టీసినారు.
పళ్ళు లేకపోతే మంత్రం పలకదంట.
మంత్రం సంగతి నాకు తెల్దు,
"తిన్నావా" అన్నది మాత్రం పలకలేదు మళ్ళీ.
"అన్నం ఇన్నావా" అనేది.
బాప్తీస్మం అయినాక కూడా దేవుణ్ణి "ఏవుడా" అనే పిలిసింది.
"ఆడు పోల్చుకుంటాడులేయే" అనేది.

ఆ రోజు ఆ ఊర్లో
పుస్తకమన్నది ఒక్కటీ లేదు.
సదవడం వొచ్చినోడూ లేడు.

ఆదివారం డ్రమ్ములో పదకొండు పుస్తకాలు,
ఎవులిదో పాత జాతకం కాయితం, ఓ సీట్లపేక.
"మీ ఇంటిదో?" అన్నారు అయ్యగారు.
"లైబ్రరీ సీలుందండి, కాలిస్తే పైను కట్టమంటారు" అన్నాను.
అది నిజమే.
పళ్ళ సంగతి సెప్పాల్సింది. సెప్పలేదు.
నాకు మొత్తం ముప్పైరెండు పళ్ళూ ఉన్నాయి,
అయినా నోరు పెగల్లేదు.
పొగ కళ్ళల్లో పడినాది గానీ
ఫేక్టరీలో జీడితొక్కు పొగ ముందు అదేపాటి.

ఇంటికొచ్చి పిన్నీసు సూసినాను.
ఉన్నాది, ఉన్న సోటే ఉన్నట్టున్నాది.
కాయితానికి మాత్రం నాలుగు కన్నాలు.
నాను పొడిసినవి రెండు.

కొట్టలేదు. తిట్టలేదు.
రాత్రి పార్దనలో వొరసగా పేర్లు సెప్పుకొస్తంటే,
మా ఆయన, కెజియా, కాలు ఇరిగిన తోడికోడలు,
ఆళ్ళ ఎనకాల ఓరిన్ పేరు కూడా నోటంట వొచ్చీసినాది.
కెజియా ఓ కన్ను తెరిసి సూసినాది.
నానూ తెరిసే ఉన్నాను.

సోమారం తెల్లారి
గోడకేసి తిరిగి కేరేజీ సదురుతా అడిగినాను:
"నూతిలోంచి ఆ తల్లి
ఏటన్నాదే?"

కెజియా జడేసుకుంటన్నాది.
పళ్ళ మద్దిన రెండు జడపిన్నులు.
"అన్నం ఇన్నావా అన్నాది" అంది.