పుస్తకాల పడవ

నార్వే తీరాన, మధ్యాహ్నమే చీకటి పడే నెలలో
రాగ్నిల్డ్ పడవ ఆగుతుంది. రెండే గంటలు.

"ఈ ఏడు అచ్చయినవేనా?" అంటాడు చేపల కుర్రాడు,
చేతుల పొలుసులు ప్యాంటుకు తుడుచుకుంటూ.
ఎడారి నవల ఇస్తుంది.
నీళ్లతో విసిగినవాడికి ఇసుకే మందు.

తొమ్మిదేళ్ల ఇంగ్విల్‌కు దయ్యాలు కావాలట,
"మంచివి కాదు, నిజంగా భయపెట్టేవి."
రెండు ఇస్తుంది; ఒకటి వాళ్ల నాన్నకి.

సిరియా నుంచి వచ్చిన దర్జీ నిజార్
బొమ్మలెక్కువ, మాటలు తక్కువ ఉన్నదే అడుగుతాడు.
పోయినసారికంటే కాస్త లావుది చేతిలో పెడుతుంది.
ఇద్దరూ ఏమీ అనరు.

ఓడ్‌బియోర్గ్ ముసలమ్మ మాత్రం
"ఎవరూ చచ్చిపోని పుస్తకం ఉందా?"
అరలన్నీ వెతికింది రాగ్నిల్డ్.
లంగరు ఎత్తే వేళయింది.
చివరికి తను సగంలో ఆపిన నవల ఇచ్చింది:
"నూట నలభయ్యో పేజీదాకా నాది పూచీ.
ఆ తర్వాత ఏమైందో
వసంతంలో నువ్వే చెప్పాలి."