సోమవారం దండెం

మా దండెం వంటగది గడప దగ్గర మొదలై
గుర్రాలశాల కొప్పు దాకా పోతుంది.
కప్పీ మీద తాడు. లాగితే కీచుమంటుంది.
అమ్మ ఒక చొక్కా తగిలించి మూరెడు ముందుకు తోస్తుంది,
ఇంకో చొక్కా, ఇంకో మూర.
పొద్దెక్కేసరికి మా ఇంటిల్లిపాదీ
ఒహాయో గాలిలో వరసగా నిలబడతాం.

ముందు నాన్న చొక్కాలు, నీలాలు మూడు, పచ్చవి రెండు.
తర్వాత ఎమ్రీవి, ఆ తర్వాత యోస్ట్‌వి,
వయసు తగ్గినకొద్దీ చేతులు పొట్టివవుతూ.
అమ్మ గౌన్లు, నావి,
చిట్టచివర నానమ్మది, ఒక్కటే, నల్లగా.
లోబట్టలు మాత్రం దుప్పట్ల చాటున.
"దేవుడికి తెలిస్తే చాలు" అంటుంది అమ్మ.

రోడ్డు మీద కార్లు ఆగుతాయి.
కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఫోటో తీసుకుని పోతుంది.
వాళ్ళకది బొమ్మ.
లోయకవతల, ఎదురుకొండ మీది ఫ్యానీ యట్జీకి
అది ఉత్తరం.

ఫోను లేదని కాదు. దారి చివర చెక్కగూటిలో ఒకటుంది,
పశువుల డాక్టరుకీ పాలబండికీ.
మనుషుల సంగతులు దండెం చూసుకుంటుంది.
యోస్ట్ పక్క తడిపితే దాచదు.
నా కొత్త గౌను ఊదారంగు కాస్త ఎక్కువ మెరిసిందని
గురువారానికల్లా పెద్దల చెవిన వేసింది.
ఆ వారం కత్తెర పట్టుకుని
తాడు దాకా వెళ్ళినదాన్నే నేను.
కప్పీ కీచుమంటుందని భయపడి తిరిగొచ్చాను.

ఒక ఫిబ్రవరిలో
యోస్ట్ చొక్కాల పక్కన అరచేతంత గుడ్డలు
మూడు సోమవారాలు వేలాడాయి,
చలికి బిగుసుకుని అప్పడాల్లా టకటకమంటూ.
నాలుగో సోమవారం లేవు.
ఆ మధ్యాహ్నం ఫ్యానీ వచ్చింది. బల్ల మీద రొట్టె పెట్టి
అమ్మ పక్కన కూర్చుని
ఎండు చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరింది,
చీకటి పడేదాకా.
పేరు అడగలేదు.
పేరుండేది. లిడియాన్.

నిరుడు మొక్కజొన్న కోతల్లో
తెల్లారకముందే నాన్న అటక కంతలోంచి జారి
గుర్రాల మధ్య పడ్డాడు.
అద్దె వ్యాను పిలిచి అమ్మ ఆయనతో ఆసుపత్రికి వెళ్ళింది.
పాలు పితికి, యోస్ట్ ఏడుపు మాన్పి,
నానమ్మకు సంగతి రెండుసార్లు గట్టిగా అరిచి చెప్పి,
బట్టల మాటే మరిచాను.

పదింటికి దండెం ఖాళీ.
అంత పొడుగు ఖాళీ ఫ్యానీ ఎన్నడూ చదివి ఉండదు.
పదిన్నరకు ఆమె బగ్గీ వాకిట్లో ఆగింది.
వెనకే సవిల్లా ష్లాబాక్, ఇద్దరు కోడళ్ళు,
ఒకామె చంకలో పిల్ల, ఇంకొకామె చంకలో బానెడు మరకల మందు.
ఎవరూ ఏమైందని అడగలేదు.
"సబ్బెక్కడ?" అన్నారు.

తొందరలో వరస తప్పింది.
నాన్న చొక్కా పోయి యోస్ట్ పక్కన, నానమ్మ నలుపు నడిమధ్యన.
సర్దబోయాను. ఫ్యానీ చెయ్యి పట్టుకుంది.
"వదిలెయ్. మీ అమ్మ మలుపులోంచే చూస్తుంది.
ఉతికింది నువ్వు కాదని తెలియాలి."

సాయంత్రం వ్యాను మలుపు తిరిగి
కాసేపు అక్కడే ఆగిపోయింది.

తర్వాత ఎనిమిది వారాలు
నాన్న చొక్కాలకు కుడి చెయ్యి లేదు.
కట్టు పట్టేందుకు అమ్మ కత్తిరించింది.
కార్లు ఆ బొమ్మా తీసుకున్నాయి.

ఇప్పుడు సోమవారం కాఫీ చేత్తో పట్టుకుని
ఎదురుకొండ నేనూ చదువుతాను.
ఈ పూట ఫ్యానీ దండెం మీద దుప్పట్లే ఆరు,
పగటి గౌను ఒక్కటీ లేదు.

కాఫీ సగంలో పెట్టేశాను.
యోస్ట్, గుర్రాన్ని కట్టు.