ఎడమ దిక్కు

సజ్జా క్యాంపు, పదకొండో నంబరు రూము.
భూమన్న సగం పళ్లెం తిని
"అయిపోయింది" అంటడు.
ఎడమ దిక్కు అన్నం అట్లనే ఉంటది.

బంగ్లా రఫీకుల్ ఏమనడు,
పళ్లెం అటుదిటు తిప్పుతడు.
"అరె, మల్ల పెట్టినవా" అని నవ్వుతడు భూమన్న.

తలల నరం చిట్లిన రాత్రి
కండ్లు మంచిగనే ఉన్నయన్నరు డాక్టర్లు.
లోకమే ఒకపక్క ఊడిపోయింది.

తలుపుకు, మంచానికి, ఫోనుకు
ఎడమ అంచున ఎర్ర టేపు అతికిచ్చిన.
ఎరుపు కనవడేదాకా మెడ తిప్పే, అన్నా.

నిన్న బిడ్డ మెసేజి.
"వరం" అని సదివి మురిసిండు.
యాదికొచ్చి మెల్లగ తిరిగిండు,
ఎర్ర గీత కాడ ఆగి
మొదటికెల్లి సదివిండు:
"అమ్మకు ఒకటే కలవరం."

చానసేపు మాట లేదు.
నేను లేచి
ఆయన ఎడమ దిక్కు పోయి కూసున్న.
"ఎవలు?" అని
టేపు లేని దిక్కుకు మెడ తిప్పిండు.