రెండు బురుజులు

రోళ్ళపాడు బీడులో బట్టమేకల కాపలా కాసిన సుంకన్న
దుర్భిణి తెచ్చి నా గడియారాల బల్ల మీద పెట్టినాడు.
"మసక కొడ్తాంది సామీ."
అంతే, ఇంకో మాట లేదు.

మూత తిప్పితే ఎర్రమన్ను రాలింది.
గొట్టానికి రెండు గాజుదిమ్మెలు,
ఒకదానికొకటి అడ్డంగా, మాటల్లేని తోడికోడళ్ళ మాదిరి.
ముందరి కటకం లోకాన్ని తలకిందులు చేసి పంపితే
ఒక దిమ్మె కుడిఎడమలు సర్దుతుంది,
ఇంకొకటి కాళ్ళను నేలకు దించుతుంది.
నాలుగు మలుపులు తిరిగితే గాని
పిట్ట పిట్టలా నిలబడదు.

గాజు మీద బూజు, ఊదితే పోనిది.
స్పిరిటులో తడిపిన పాతచీర పేలికతో తుడిచినాను.
చీకిపోయిన బెండు తీసేసి
సైకిల్ ట్యూబు ముక్క కోసి ఇరికించినాను.
దొంగవెలుగు దూరకుండా
అంచులకు దీపం మసి పూసినాను.
చేసినోడు చూస్తే తిడతాడో, మెచ్చుకుంటాడో.

మిద్దెక్కి కొండారెడ్డి బురుజు వైపు తిప్పితే
రెండు బురుజులు!
మర వెంట్రుకవాసి బిగించి, చూసి, మళ్ళీ వదులు చేసి
మూడు సాయంత్రాలు.
చివరికి ఒకదాంట్లోకి ఒకటి జారింది,
పైన కూర్చున్న కాకితో సహా.

సుంకన్న వచ్చి
కుడి గొట్టం ఒక్కటే కంటికి ఆనించుకున్నాడు.
"ఎడమది?"
"ఆ కన్ను పోయి పదేండ్లాయె."

సగం కూలే అడిగినాను.
అంతా లెక్కపెట్టి ఇచ్చి,
"బీడు సూడనీకి వచ్చే పిల్లోల్లకు
రెండుండాయి గదా" అన్నాడు.

పిట్ట కనపడి ఎన్నేండ్లాయెనో
నేను అడగలేదు.