బూడిద గుమ్మడి

తరమణి. రాత్రి పదకొండు.
ఏసీ నీళ్లు బకెట్‌లో చుక్క, చుక్క.
ఇమేజింగ్ గది తలుపు సందులకు నల్ల టేపు అంటించి
మునెమ్మ స్టూలు మీద కూర్చుంది.
ఎలుకల గది ఊడవడంతో ఆమె డ్యూటీ అయిపోయింది.
ఈ ఒక్కటీ చూసి పోతానని
తిరువొత్తియూరు ఆఖరి బస్సు వదులుకుంది.

పెట్టెలో పద్నాలుగో నంబరు.
ముక్కు మత్తుగాలి గొట్టంలో.
తోక మీద పొద్దున నేను పొడిచిన సూది మచ్చ.

"ఏం పెట్టినావు లోపల?"

నలుసు, అన్నాను.
నలుసులో వెయ్యోవంతు కూడా కాదు.
దాని ఒంటినిండా ఫోలిక్ యాసిడ్ తగిలించాను,
తోటకూరలో ఉండేదే.
కేన్సర్ కణానికి అదంటే ఆబ.
దొరికినంతా లాక్కుంటుంది,
లాక్కున్నది లోపల వెలుగుతుంది,
మన కళ్లకు అందని ఎరుపులో.

మునెమ్మ కాసేపు చూసి
"గుమ్మడికాయల దొంగ" అంది.
"మా అవ్వ చెప్తా ఉండె.
కాయ మోసినోడి భుజానికి బూడిద అంటుకుంటాది.
వాడే తడుముకుంటాడు."

మూడేళ్లుగా థీసిస్ మొదటి పేజీలో
నాకు రానిది ఈ మాటే.

లైటు తీశాను.
ముప్పై సెకన్లు. మా ఇద్దరి ఊపిరి, ఫ్యాను చప్పుడు.
తెర మీద
తొడ దగ్గర ఎర్రగా, మేం ఎదురుచూసినదే.
చంక కింద ఇంకొకటి, ఆవగింజలో సగం.
పొద్దున నా వేళ్లు అక్కడే తడిమి
ఏమీ లేదని రాశాయి.

"మరి కడుపులో అంత మంటేంది?"

అది కాలేయం. దొంగ కాదు.
ఒంట్లో చెత్తంతా దాని దగ్గరికే చేరుతుంది.
ఎన్నిసార్లు చేసినా ఇంతే,
మా సారు ముఖం చిట్లించేదీ దాన్ని చూసే.

"ఊడ్చేదాని మీద దుమ్ముండదా" అంది మునెమ్మ,
కుచ్చెళ్లు దులుపుకుంటూ.

నోట్‌బుక్‌లో రాశాను: కాలేయం, లెక్కలోకి రాదు.
కొట్టేశాను.
మళ్లీ అదే రాశాను.

మత్తు ఆపాక
పద్నాలుగు మెల్లగా కదిలింది.
ముందు మీసాలు. తర్వాత రెండు చేతులూ ఎత్తి
మొహం, చెవులు,
ఆపైన భుజాలు తుడుచుకుంది.

ఆ కణాల్ని దాని తొడలో పెట్టింది,
ఇరవై రెండు రోజుల కింద,
నేనే.

మునెమ్మ టేపు పీకి తలుపు తీసింది.
కారిడార్ ట్యూబ్‌లైటు ఒక్కసారిగా కళ్లలో పడింది.
నా చెయ్యి
నా తెల్లకోటు భుజం మీద ఉంది.