వెలుగు దూరే చోటు

వేడి మానిఫోల్డు మీద బొట్టు పడ్డప్పుడల్లా
మాడిన ఆవిరి కారులోకొచ్చేది.
కర్నూలు రోడ్డెక్కితే చాలు
"ఎవరింట్లోనో పోపు మాడుతుంది" అనేది అంకమ్మ
కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని.

క్వారీ ఆఫీసోళ్లు వదిలించుకున్న అంబాసిడరు,
నాకంటే రెండేళ్లు చిన్నది.
మేస్త్రీ కాశింపీరా బానెట్ ఎత్తి
వేలితో తడిమి, వాసన చూసి
"ట్యాపెట్ కవరు. అంచు వంగిపోయింది.
కారినప్పుడల్లా ఎవడో బిగించాడు,
బిగించినప్పుడల్లా ఇంకాస్త కారింది.
ఒంగోలు పాతినప అంగట్లో ఇంకోటి చూసుకో" అన్నాడు.

నేనే బాగుచేసుకుంటానన్నాను.
ఆయన నవ్వి, రెండు నట్లిప్పి
పాలగిన్నె మీద మూతలా తీసి చేతికిచ్చాడు.
అడుగున వరసగా రాకర్లు,
నూనెలో తడిసిన ఎనిమిది వేళ్లు.
"దుమ్ము పడనీకు" అంటూ పాత లుంగీ కప్పాడు.
చీమకుర్తిలో దుమ్ము పడకుండా ఎట్టా కుదురుద్దో
ఆయనకే తెలియాలి.

చాకలి సోడా నీళ్లలో ఒక రాత్రి నానింది.
"ఆ బేసిను ఇంక నీదే, నాకొద్దు" అంది అంకమ్మ.
తెల్లారి కాయితం పట్టాను:
ఎనభై, నూట ఇరవై, రెండొందల ఇరవై, నాలుగొందలు.
పంతొమ్మిదేళ్లుగా పాలిష్ మిషను కాడ
నా నోటికొచ్చిన ఎక్కం ఇదొక్కటే.
వెండి రంగు పోయింది. కింద పచ్చ.
పచ్చ కింద, ఎవరింటి తలుపులకో కొట్టగా
మిగిలిన నీలం.
దాని కింద రేకు
బూడిదరంగులో, చల్లగా, ఏమీ చెప్పకుండా.

మూల విరిగిందని కోత కాడ పారేసిన గెలాక్సీ పలక ఒకటి
మా గడప పక్కనుంది, నేను మెరిపించిందే.
దాని మీద కవరు బోర్లించాం,
లోపల ఫోను లైటు వెలిగించి పెట్టి
ఇంట్లో దీపాలన్నీ ఆర్పేశాం.
మూడు చోట్ల అంచు కింద నుంచి వెలుగు జారింది.
జారిన మేర రాతిలో చుక్కలు మినుక్కుమన్నాయి.
అరే, నూనె దారులియ్యే!
మార్కాపురం బలపంతో అంకమ్మ గీతలు గీసింది.

చెక్కసుత్తితో ఒక దెబ్బ,
మళ్లీ లైటు, మళ్లీ చీకటి, మళ్లీ చూడ్డం.
గట్టిగా కొడితే పక్కన లేస్తది,
మెల్లగా కొడితే మాట వినదు.
పదకొండు గంటలకి
ఒక్క చుక్కా మెరవలేదు.
చీకటి పడినందుకు
అంత సంతోషపడ్డం నాకదే మొదటిసారి.

సైలెన్సర్లకేసే నల్ల రంగు, మూడు పూతలు.
రోళ్లు పగిలే రోహిణి ఎండ ఉండగా
కాల్చడానికి బట్టీ ఎందుకు,
రేకుల కప్పు మీద పెడితే చాలు.
రెండో పూతలో నలుసు కూచుంది. గీకి మళ్లీ వేశాను.
"బానెట్ కింద ఎవరు చూస్తారయ్యా?" అడిగాడు కాశింపీరా.

నేను నునుపు చేసిన రాళ్లన్నీ
కృష్ణపట్నంలో ఓడెక్కిపోతాయి.
ఎవరి వంటగట్టు మీదో, ఎవరి గోరీ మీదో.
ఒక్కదాని మొహమూ మళ్లీ చూళ్లేదు.
ఆయనకి ఇదంతా చెప్పలేదు.
"నేను చూస్తా" అన్నాను.

కొత్త కార్కు ప్యాకింగు, గమ్ము పల్చగా.
స్పానరు ఆయన పట్టాడు.
నట్టు రబ్బరుకి ఆనింది, ఇంకొంచెం తిరిగింది, ఆగింది.
"ఇంకో చుట్టు తిప్పబుద్దవుద్ది చూడు,
అక్కడ చెయ్యి తీసెయ్యాలి.
ఈ ఒక్క ముక్కకి ముప్పై ఏళ్లు పట్టింది నాకు."

ఆదివారం ఒంగోలు బయల్దేరాం.
సంతనూతలపాడు దాటాం.
అంకమ్మ కిటికీ అద్దం దించి, ఎక్కించి,
మళ్లీ దించి,
"ఏందీ, ఈ పూట ఎవరూ
పొయ్యి ముట్టించలేదా?" అంది.