పద్నాలుగు మిల్లీమీటర్లు

ఎనుమాముల మార్కెట్ వెనుక మిర్చి గోదాంల
ఇరవై రెండేండ్లు మూలకు పడున్న బండి.
హెరాల్డు. రెండు తలుపులది.
వెనుక సీట్ల కోడి పొదిగిపోయిన గడ్డి,
స్టీరింగుకు ఎవరో కట్టిన ఎర్రదారం.
"ఇనుము రేటుకు తీస్కపో" అన్నడు సేటు.
కాంటా మీదికెక్కిచ్చి తూకం గూడ ఏసిండు:
ఏడు క్వింటాళ్ల పన్నెండు కిలోలు.
ఆ చీటీ ఇంక దాసుకున్న. సరుకు అనే కాడ
"తేజ మిర్చి" కొట్టేసి "కారు" అని రాసున్నది.

కాజీపేట లోకో షెడ్డుల ముప్పై ఏండ్లు
మూడు వేల హార్స్‌పవర్ ఇంజన్లు ఇప్పి బిగిచ్చినోన్ని.
అవి నావి కావు.
పొద్దుగాల వచ్చేటివి, మాపటికి పోయేటివి.
ఏ సిగ్నల్ కాడ ఆగినయో, ఏ ఊరు చూసినయో,
ఒక్కటన్న ఉత్తరం ముక్క రాసిందా?

ఇది నాది.
దీని బానెట్టు మొత్తానికి మొత్తం
ముందుకు తెరుచుకుంటది, మొసలి నోరు లెక్క.
టైరు మీద కూసుండి
దాని పండ్లు లెక్కపెట్టొచ్చు.

పాత ఇంజను దించి జిప్సీ ఇంజనెక్కియ్యాలె.
గేరుబాక్సు పాతదే. రెండిటికీ చుట్టరికం లేదు:
ఒకటి ఇంగ్లండుల పుట్టి మద్రాసుల పెరిగింది,
ఒకటి జపానోల్ల మనవరాలు.
సంబంధం కలపనీకి నడుమ ఒక ప్లేటు కావాలె,
పద్నాలుగు మిల్లీమీటర్ల మందం.

యాకూబ్ పాషా లేతు మీద ఏడు ప్లేట్లు తిప్పిండు.
ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ, ఒకటి తక్కువ,
ఒకదానికి బోల్టు పొక్కలు తప్పినయి,
ఒకటి మంచిగనే ఉండె, నేనే తలకిందులు పట్టిన.
ఐదోది పగిలింది.
ఆరోది మా ఇంట్ల నీళ్లకుండకు కుదురైంది.
ఏడోదాన్ని చూసినంక ఇద్దరం మాట్లాడలే,
చాయ్ తాగి ఎవలింటికి వాళ్లం పోయినం.

ఎనిమిదోది శుక్రారం, నమాజు నుంచొచ్చి తిప్పిండు.
రెండు వేళ్లతోని తోస్తే
పోయి కూసుంది.
టక్.
పాషా మొఖం నేను చూడలే, నా మొఖం ఆయన చూడలే.
ఆ సప్పుడు ఎట్లుంటదో చెప్పమంటే నాకు రాదు.
ఎండల నడిసొచ్చి కడిగిన గచ్చు మీద
కాలు పెట్టినట్టు...
కాదు. అది గూడ కాదు.

ఎంతైందని అడుగుతరు.
సులోచనకు చెప్పిన లెక్క ఒకటి,
నోటుబుక్కుల లెక్క ఒకటి,
అసలుది పాషాకెరుక.

సీట్లకు తోలొద్దన్న. కొత్తవాడ మార్కండేయులు
ఎర్ర నల్ల పట్టీల జంపఖానా నేసిచ్చిండు.
"కార్లకు నేసుడు మా తాతకు గూడ తెల్వదు" అనుకుంటనే
మూలలు రెండుసార్లు కొలిసిండు.
డాష్‌బోర్డుకు నేను తప్పు చోట పొక్క పొడిస్తి.
దాని మీద సులోచన స్వెట్టరు గుండీ అతికిచ్చిన.
అందరు స్విచ్చనుకొని ఒత్తుతరు.
ఏమీ కాదు. నాకు మాత్రం నవ్వొస్తది.

మొదటిపారి స్టార్టయిన నాడు
ఫ్యాను తిరిగి, సందుసందుల దాగిన
ఇరవై రెండేండ్ల మిర్చిఘాటు ఒక్కపారే లేసింది.
నేను, పాషా, చూడొచ్చిన పిలగాండ్లు,
తుమ్ముకుంట, కండ్లు తుడుసుకుంట.
సులోచన ఉరికొచ్చి "ఎవలికేమైంది?" అన్నది.
నా కండ్లల్ల నీళ్లు గూడ మిర్చివే అంటే
నమ్మినట్టే ఉన్నది.

హైదరాబాదు నుంచి ఒకాయన, తెల్ల గ్లౌజులేసుకొని,
అద్దం పట్టి కిందంత చూసి
"ఒరిజినల్ ఖరాబు చేసినవు కదనయ్యా" అన్నడు.
ఉన్నది సారూ, పారెయ్యలే.
పాత ఇంజను నా మంచం కింద
నూనె గుడ్డ కప్పుకొని పండుకున్నది.
రాత్రి చెయ్యి జారితే తగుల్తది. సల్లగ.

తెల్లారగట్ల నాలుగింటికి ములుగు రోడ్డు నాది.
ఆత్మకూరు దాటినంక, మూడో గేరుల,
అది గొంతు మారుస్తది.
ఎక్కడికీ పోయేది లేదు. మలుపు కాడ తిప్పుకొని వస్త.

ఇంటి ముంగట ఆపి, తాళం తీసి, కిందికి దిగ.
సల్లారే ఇనుము టిక్కు టిక్కుమంటది,
ముందు ఎగిరెగిరి, తర్వాత ఆగి ఆగి.
పాలాయన గంట కొట్టెదాక
ఒక్కోటి ఇంటుంట.